ఎనక లైటు లేదన్నా!

కారు నడిపేవాడికి తన వెనక లైట్లు ఏనాటికీ కనబడవు. అవి వెలుగుతున్నాయో లేదో వెనక వచ్చేవాడికి తెలుస్తుంది, రోడ్డు పక్కన అరుగు మీద కూర్చున్న ముసలాయనకు తెలుస్తుంది. మనకు తెలియదు. ఎవరో బైకు మీద పక్కకొచ్చి "ఎనక లైటు లేదన్నా!" అని కేకేసి పోయేదాకా మనం నిశ్చింతగానే పోతుంటాం. ఆ కేక విన్న తర్వాత మనిషి ఏం చేస్తాడు, ఏం చేస్తే బాగుంటుంది అన్నదే ఈ అధ్యాయం.

ఉగాది మరుసటి రోజు కైరుప్పల ఎలా ఉంటుందో ఆ చుట్టుపక్కల వాళ్లకు చెప్పనక్కర్లేదు. వీరభద్రస్వామి పక్షం కొందరు, కాళికాదేవి పక్షం కొందరు రెండుగా చీలి పిడకలు విసురుకుంటారు. ఆస్పరి మండలంలోని ఆ ఊరికి ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ దిక్కుల నుంచి జనం వస్తారు. వేడుక ముగిసి, గాల్లో లేచిన పిడకల పొడి ఇంకా నేలకు దిగకముందే బళ్లెక్కుతారు. ఇళ్లకు చేరేలోపు చీకటి పడుతుంది. ఇరుకు దారి, నడిచిపోయేవాళ్లు, ట్రాక్టర్లు, ఆటోలు, వాటి మధ్య కార్లు. ముందు బండి బ్రేకు కొట్టిందని వెనకవాడికి చెప్పేది ఒక్క ఎర్ర బల్బే. దసరా రాత్రి దేవరగట్టుకు పోయే దారులూ ఇంతే. పత్తి కాలంలో ఆదోని మార్కెట్ యార్డు రోడ్డూ ఇంతే. పశ్చిమ కర్నూలులో రాత్రి ప్రయాణం తప్పని రోజులు ఏడాది పొడుగునా ఉన్నాయి.

మరి ఆ కేక విన్న మనిషి ఏం చేస్తాడు? మరుసటి రోజు పొద్దున షెడ్డు ముందు బండి ఆపి "బల్బు పోయిందప్పా, కొత్తది ఎయ్యి" అంటాడు. రోగం పేరు తనే చెప్పి మందు కూడా తనే రాసిచ్చాడన్నమాట. కొత్త బల్బు వేస్తే వెలగదు. అప్పుడు హోల్డర్ మారుస్తారు. అదీ కాకపోతే ఫ్యూజు, ఆపైన స్విచ్చు. చివరికి ఎవరో "వైరింగ్ అంతా మార్చాల" అంటారు. పుండొకచోట, మందొకచోట. వస్తువులు మారుస్తూ పోతే ఏదో ఒకనాటికి లైటు వెలుగుతుంది, నిజమే. ఎందుకు వెలిగిందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే అది మళ్లీ ఆరిపోతుంది.

చేతికి పని చెప్పేముందు కంటికి పని చెప్పాలి. ఈ పుస్తకంలో వేరేచోట్ల ఇదే మాట మనుషుల గురించి చెప్పాను. ఇక్కడ తీగల గురించి చెబుతున్నాను. తీగల దగ్గర ఒక సుఖం ఉంది, అవి అబద్ధం ఆడవు. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడగాలి, అంతే.

గోడ ముందు పరీక్ష

సున్నం కొట్టిన గోడ ఒకటి చూసుకోండి. పొద్దు వాలాక బండి వెనక భాగం గోడకు ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉండేలా ఆపండి. పార్కింగ్ లైట్లు వేసి అద్దంలో చూస్తే గోడ మీద రెండు ఎర్ర మరకలు కనిపిస్తాయి. బ్రేకు తొక్కితే రెండూ ఒకేలా పెరగాలి. రివర్స్ గేరు వేస్తే తెల్ల వెలుగు రావాలి. తర్వాత బండి తిప్పి ముందు లైట్లు గోడ మీద పడేలా పెట్టి డిమ్ము, బ్రైటు, ఇండికేటర్లు చూసుకోండి. మనిషి సాయం అక్కర్లేదు.

ఇందులో చాలామంది చేయని పని ఒకటుంది. ఒక్కో లైటూ విడివిడిగా చూసి సరిపెట్టుకుంటారు. అన్నీ కలిపి కూడా చూడాలి. హెడ్‌లైట్లు వేసి ఉంచి, బ్రేకు తొక్కిపట్టి, ఎడమ ఇండికేటర్ వేసి చూడండి. తర్వాత కుడిది. కొన్ని తప్పులు ఒంటరిగా ఉన్నప్పుడు దొరకవు, గుంపులోనే బయటపడతాయి. ఎందుకో ఎర్తు, అంటే కరెంటు బల్బు నుంచి బ్యాటరీ మైనస్సుకు తిరిగిపోయే దారి, దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఏది ఆగింది అని కాదు, దేనితో పాటు ఆగింది?

ఒక్క బల్బే ఆగి, దాని జోడీ రెండోవైపు బాగా వెలుగుతుంటే ఫ్యూజునూ స్విచ్చునూ మర్చిపోవచ్చు. చాలా బళ్లలో అవి రెండు వైపులకూ ఉమ్మడి. రెండోవైపు వెలుగుతోందంటే కరెంటు అంతదాకా వచ్చినట్టే. తప్పు ఈ వైపుకు చీలిన తీగ నుంచి బల్బు ఎర్తు దాకా ఉన్న చిన్న దూరంలో ఉంది. హెడ్‌లైట్లకూ పార్కింగ్ లైట్లకూ కొన్ని కార్లలో ఎడమకొకటి, కుడికొకటి వేరే ఫ్యూజులు ఉంటాయి. ఫ్యూజు పెట్టె మూత లోపలి బొమ్మ చూస్తే అది తెలిసిపోతుంది.

రెండు వైపులా ఒకే పని ఆగితే, ఉదాహరణకు రెండు బ్రేకు లైట్లూ రాకపోతే, చీలిక కంటే ముందు వెతకాలి. ఫ్యూజు, బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్చు, వాటి మధ్య తీగ. ఒక వైపున వేర్వేరు పనులన్నీ కలిసి తప్పితే, అంటే ఎడమ వెనక పార్కింగూ, బ్రేకూ, ఇండికేటరూ మూడూ పిచ్చిగా ప్రవర్తిస్తే, ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, ఆ మూల ఎర్తు.

ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. రెండు బ్రేకు బల్బులూ ఒకే రోజు కాలిపోవడం అరుదే. కానీ మనకు కనబడనివి కాబట్టి, ఒకటి దీపావళికి పోయి, రెండోది ఇవాళ పోయి ఉండవచ్చు. మనకు మాత్రం రెండూ కలిసి పోయినట్టు అనిపిస్తుంది. గోడ పరీక్ష నెలకొకసారి చేసేవాడికి ఈ చిక్కు రాదు.

ఈ ప్రశ్నలకు స్క్రూ డ్రైవర్ కూడా అక్కర్లేదు. అయినా ఇక్కడే ముప్పాతిక పని అయిపోతుంది. మిగిలింది నిరూపించడమే.

బల్బు చెప్పే సాక్ష్యం

వెనక బ్రేకుకూ పార్కింగుకూ కలిపి చాలా బళ్లలో రెండు ఫిలమెంట్ల బల్బు ఒకటే ఉంటుంది. బ్రేకుకు 21 వాట్లు, పార్కింగుకు 5 వాట్లు. దాని అడుగున రెండు మొనలూ, పక్కన రెండు చెవులూ ఉంటాయి. ఆ చెవులు ఒకే ఎత్తులో ఉండవు, బల్బు అటుదిటుగా ఎక్కకూడదనే అలా పెట్టారు. అరిగిపోయిన హోల్డర్లో బలవంతంగా తిప్పి ఎక్కించేవాళ్లు ఉన్నారు. అప్పుడు పార్కింగ్ వేస్తే బ్రేకంత వెలుగూ, బ్రేకు వేస్తే పార్కింగంత వెలుగూ వస్తాయి. వెనకవాడికి ఇంతకంటే అయోమయం ఇంకొకటి ఉండదు.

బల్బు తీసి వెలుతురుకు పెట్టి చూడండి. ఫిలమెంట్ మధ్యలో తెగి, గాజు శుభ్రంగా ఉంటే సహజ మరణం. గాజు లోపల నల్లబడి ఉంటే వయసు మీరింది. తెల్లటి బూడిద పట్టి ఉంటే గాజు పగిలి గాలి చొరబడింది. ఒకే వైపు బల్బు మళ్లీ మళ్లీ తెగుతుంటే బల్బు కంపెనీని తిట్టకముందు ఆ లైటు గూడు వదులై అదురుతోందేమో చూడండి. నాలుగు మూలలా బల్బులు తరచూ పోతుంటే ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవండి. సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటుంది. 15 దాటితే డైనమో రెగ్యులేటర్ చెడింది, బల్బుల తర్వాత బ్యాటరీ వంతు వస్తుంది.

హెడ్‌లైట్ హాలోజెన్ బల్బు గాజును వేలితో ముట్టకండి. వేలి నూనె అంటినచోట గాజు మరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచి ఎక్కించండి.

ఫ్యూజు గురించి రెండు మాటలు చాలు. ఇప్పటి చప్పట ప్లాస్టిక్ ఫ్యూజులు 1976లో అమెరికాలో లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ తెచ్చిన పద్ధతి. అప్పటి నుంచి రంగే వాటి భాష. ఎర్రది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, రంగులేనిది 25, పచ్చది 30. పోయిన ఎర్రది తీసి పచ్చది పెట్టినా, సిగరెట్ ప్యాకెట్ తగరం చుట్టినా లైటు వెలుగుతుంది. ఈసారి ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది.

కొత్త ఫ్యూజు వేసిన వెంటనే మళ్లీ పోతే ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది. ఒకదాని తర్వాత ఒకటి ఫ్యూజులు కాల్చకుండా, పాత ఆటో ఎలక్ట్రీషియన్లు వాడే ఉపాయం ఒకటుంది. ఫ్యూజు ఉండాల్సిన చోట దానికి బదులు 21 వాట్ల బల్బు ఒకటి తగిలించండి. ఆ లైన్లో ఉన్న లైట్ల బల్బులు హోల్డర్ల నుంచి తీసేసి స్విచ్చు వేయండి. తీగ బాడీకి తగులుతుంటే మీ బల్బు నిండుగా వెలుగుతుంది. అది ఎంత వెలిగినా రెండు ఆంపియర్లకు మించి కరెంటు పోనివ్వదు, అందుకని ఏమీ కాలదు. ఇప్పుడు తీగల కట్టను ఒక్కోచోట పట్టి కదిలించుకుంటూ పోండి, తీగలను కలిపే కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీయండి. ఎక్కడ చెయ్యి పెడితే బల్బు ఆరుతుందో తప్పు అక్కడ. ఎన్నో ఖరీదైన పరికరాలు చేయలేని పని ఇరవై ముప్పై రూపాయల బల్బు చేస్తుంది.

పన్నెండు వోల్టులు ఉన్నాయి, లైటు లేదు

ఈ అధ్యాయంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన భాగం ఏదైనా ఉంటే ఇదే. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

చేతిలో మల్టీమీటర్ ఉన్న కుర్రవాడు హోల్డర్లో మొన పెట్టి కొలుస్తాడు. 12 వోల్టులు చూపిస్తుంది. "కరెంటు వస్తాండాది సార్, బల్బే పోయింది" అంటాడు. కొత్త బల్బు పెడితే వెలగదు, లేదా మిణుకుమంటుంది. మీటరు తప్పు చెప్పిందా? లేదు. అతను అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు, అంతే.

డ్రిప్పు వేసిన రైతుకు ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. పైపు మధ్యలో సగం పూడిపోయినా, చివరి వాల్వు మూసి ఉన్నంతసేపు అక్కడ ప్రెషర్ నిండుగానే కనిపిస్తుంది. వాల్వు తిప్పినప్పుడే బండారం బయటపడుతుంది. మీటరు కొలిచేటప్పుడు దాని గుండా పోయే కరెంటు ఆంపియర్‌లో లక్షో వంతు కూడా ఉండదు, అంటే వాల్వు మూసినట్టే. 21 వాట్ల బల్బుకు కావలసింది దాదాపు 1.75 ఆంపియర్లు. చిలుము పట్టిన కప్లర్ మీటరుకు దారిస్తుంది, బల్బుకు ఇవ్వదు.

కాబట్టి బల్బు పెట్టి, స్విచ్చు వేసి, పని జరుగుతుండగా కొలవాలి. మీటరును రెండు చోట్ల పెట్టండి. మొదట బ్యాటరీ ప్లస్సుకూ, బల్బుకు కరెంటు వచ్చే మొనకూ మధ్య. అక్కడ అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే వచ్చే దారిలో ఎక్కడో మింగేస్తోంది. తర్వాత బల్బు ఎర్తు మొనకూ బ్యాటరీ మైనస్సుకూ మధ్య. ఇక్కడ 0.1, 0.2 వోల్టుల కంటే ఎక్కువ ఉండకూడదు. 3 వోల్టులు కనిపించిందంటే బల్బుకు దక్కేది 9 మాత్రమే. ఏ పక్క మింగుతోందో తెలిశాక ఆ దారిలోని ఒక్కో కప్లర్‌కు అటూ ఇటూ కొలుచుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు. మీటరు లేకపోతే రెండు తీగలు అతికించిన బల్బు, అదే టెస్ట్ ల్యాంప్, వాడండి. హోల్డర్ దగ్గర అది నిండుగా వెలిగిందా, మసకగా వెలిగిందా అన్నదే తీర్పు. అది బరువు మోసి చెప్పే సాక్ష్యం కాబట్టి, ఈ పనికి నా ఓటు దానికే. కానీ ఎయిర్‌బ్యాగ్ తీగల జోలికీ, కంప్యూటర్ పెట్టెకు పోయే తీగల జోలికీ దాన్ని తీసుకుపోకండి.

ఎర్తు సంగతి మిగిలింది. కారులో మైనస్ తీగ ప్రతి బల్బు నుంచీ బ్యాటరీ దాకా ఉండదు. దగ్గర్లో బాడీ ఇనుముకు ఒక స్క్రూతో బిగిస్తారు, మిగిలిన దారి బాడీయే. ఆ స్క్రూ కింద తుప్పు చేరినా, డెంటింగ్ పెయింటింగ్ చేసినవాళ్లు దాని మీద రంగు కొట్టినా దారి మూసుకుపోతుంది. నల్లరేగడి నేల వాన పడితే చక్రాల నుంచి ముద్దలుగా ఎగిరి బండి అడుగున అతుక్కుంటుంది, రోజుల తరబడి తడి పట్టి ఉంచుతుంది. వెనక బంపర్ మూలల్లో ఎర్తులు చెడడానికి ఆ తడి చాలు.

ఎర్తు తెగిన మూలలో కరెంటు ఊరుకోదు, దొడ్డిదారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే 21 వాట్ల ఫిలమెంట్ గుండా వచ్చిన కరెంటుకు ఎర్తు దొరక్క, పక్కనున్న 5 వాట్ల ఫిలమెంట్ గుండా వెనక్కి పార్కింగ్ లైన్లోకి పోతుంది. అక్కడి నుంచి ఇతర పార్కింగ్ బల్బుల గుండా నేలను చేరుతుంది. లైట్లు వేయని బండిలో బ్రేకు తొక్కగానే ముందు పార్కింగ్ లైట్లు మసకగా వెలిగే వింత ఇదే. రాత్రి ఇంకో వింత. లైట్లు వేసి ఉన్నప్పుడు ఆ మూల మిణుకుమంటూ ఉంటుంది, బ్రేకు తొక్కితే ఉన్న వెలుగూ ఆరిపోతుంది. రెండు వైపుల నుంచీ 12 వోల్టులే వచ్చి ఎదురెదురుగా నిలబడితే కరెంటు ఎటు పోతుంది? ఇండికేటర్ కూడా అదే ఎర్తు మీద ఉంటే దానితో పాటు పార్కింగ్ లైటూ కన్ను కొడుతుంది. అన్నీ కలిపి వేసి చూడమని మొదట్లో చెప్పింది ఇందుకే. ఇలాంటి వింత చూసి "కంప్యూటర్ పోయింది" అనేవాళ్లు ఉంటారు. స్క్రూ విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే కంప్యూటర్ బాగైపోతుంది.

మీ అనుమానం నిజమో కాదో తేల్చుకోవడం చిటికెలో పని. బల్బు ఎర్తు మొన నుంచి బ్యాటరీ మైనస్సుకు ఒక విడి తీగ వేసి చూడండి. వెలుగు నిండుగా వస్తే తప్పు ఎర్తుదే. కానీ ఆ విడి తీగనే శాశ్వతంగా ఉంచేసి పోకండి.

హెడ్‌లైట్లు మసకబారితే

హాలోజెన్ బల్బు స్వభావం ఒకటి తెలుసుకోవాలి. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు కూడా పదో వంతు తగ్గుతుందనుకుంటాం. నిజానికి దాదాపు 30 శాతం పడిపోతుంది. అంటే దారిలో ఒకటిన్నర వోల్టు పోతే చాలు, కొత్త బల్బు కూడా ముసలిదానిలా కనిపిస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం రాత్రి 155 మీటర్ల దూరంలోని మనిషీ, బండీ స్పష్టంగా కనబడేంత వెలుగు ముందు లైట్లకు ఉండాలి. దుమ్ము లేచే దారుల్లో ఆ దూరం ఇంకా విలువైనది.

మసకబారగానే మన దేశమంతటా అందరూ చేసే పని 100/90 వాట్ల బల్బు కొనడం. అసలు బండికిచ్చింది 60/55. రెండు లైట్లకూ కలిపి బ్రైటులో 10 ఆంపియర్లు పోయే తీగలో ఇప్పుడు దాదాపు 17 పోతాయి. పాత తీగలో వోల్టేజి ఇంకా ఎక్కువ పోతుంది, హోల్డర్ కరుగుతుంది, రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు, లేని బండి అయితే స్టీరింగ్ పక్కన డిప్పర్ స్విచ్చు లోపలి కాంటాక్టులు మాడిపోతాయి. ఎదురొచ్చేవాడి కళ్లు పోవడం వేరే లెక్క. అది రోడ్డు మీద నిబంధనలకు విరుద్ధం కూడా. ఉన్న 60/55కి పూర్తి వోల్టేజి అందేలా కప్లర్లు బాగుచేయించి, లేకపోతే మంచి తీగతో రిలే పెట్టిస్తే వచ్చే వెలుగు చూశాక ఆ పెద్ద బల్బు ఎవరికీ గుర్తురాదు.

టెస్ట్ ల్యాంప్ పట్టుకున్నవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. హెడ్‌లైట్ బల్బు మూడు కాళ్లలో ఉమ్మడి కాలు ఎప్పుడూ ఎర్తే అనుకోవద్దు. జపాను పద్ధతిలో తయారైన కొన్ని కార్లలో ఉమ్మడి కాలికి ప్లస్ వస్తుంది, డిమ్ము, బ్రైటు మారేది ఎర్తు వైపున. ఆ సంగతి తెలియక ప్లస్ కాలును బాడీకి కలిపి ఫ్యూజు కాల్చినవాళ్లు తక్కువేం కాదు. ముందు కొలిచి, తర్వాత తాకండి.

రెండు వైపులా డిమ్ము బాగుండి బ్రైటు రాకపోతే బ్యాటరీనీ ఎర్తునూ వదిలేయవచ్చు, ముందు అనుమానించాల్సింది డిప్పర్ స్విచ్చునూ, రిలేలనూ. స్విచ్చు వేసినప్పుడు రిలే టక్కుమంటోందా వినండి. ఫ్యూజు పెట్టెలో హారన్ రిలే, హెడ్‌లైట్ రిలే చాలా బళ్లలో ఒకే రకం. నంబరు సరిచూసుకుని ఒకదాని చోట ఇంకొకటి పెడితే పైసా ఖర్చు లేకుండా తీర్పు వస్తుంది.

మిగతావి గబగబా

ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. ఒక వైపు మాత్రం దడదడ కొట్టుకుంటుంటే ఆ వైపు బల్బు ఒకటి పోయింది, బండి దాన్ని తనకు తెలిసిన భాషలో చెబుతోంది. ఫిలమెంట్ బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టినా అదే గోల, అది తినే కరెంటు తక్కువ కాబట్టి బల్బు పోయిందనే అనుకుంటుంది. బ్రేకు లైట్లు ఆరకుండా వెలుగుతూనే ఉంటే పెడల్ దగ్గరి స్విచ్చుకు ఆనే చిన్న రబ్బరు ముక్క చూడండి. అది ఎండకు పొడిపొడి అయి రాలిపోతుంది, కాళ్ల కింద మ్యాట్ మీద ముక్కలు దొరుకుతాయి. ఆ రబ్బరు పోయిన సంగతి చాలామందికి తెలిసేది రాత్రంతా లైట్లు వెలిగి బ్యాటరీ దిగిపోయి, పొద్దున సెల్ఫ్ తిరగనప్పుడు.

డిక్కీ తలుపు తెరిస్తే వెలిగి, మూస్తే ఆరే లైటు ఉంటే తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టం వెనక్కి లాగండి. వేల సార్లు వంగిన తీగ పైతోలు బాగానే ఉండి లోపల రాగి తెగి ఉంటుంది. పత్తి, వేరుశనగ నిల్వ ఉన్న కొట్టం పక్కన బండి పెట్టేవాళ్లు బానెట్ కింద ఎలుక పళ్ల గాట్లు వెతకాలి. పండగకో పెళ్లికో సీరియల్ బల్బులు, అదనపు హారన్లు తగిలించి, పని అయ్యాక సగం పీకి టేపు చుట్టిన జాయింట్లు ఉంటే నేను మొదట అక్కడే వెతుకుతాను. బండి తయారైన నాడు లేని తీగ మీద అనుమానం ఎప్పుడూ ఎక్కువే ఉండాలి.

ట్రాక్టర్ ట్రాలీలకు ఈ చదువంతా అక్కర్లేదు, చాలా వాటికి అసలు లైట్లే ఉండవు. ఉన్నవాటికి ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ప్లగ్గులో చిలుమూ, మట్టీ తప్ప వేరే రోగం దాదాపు ఉండదు. వెనక రేడియం స్టిక్కర్ అంటించడం ఎలాగూ తప్పనిసరి. అదొక్కటే కరెంటు అడగని లైటు.

చాలా కొత్త కార్లలో లైట్లను నడిపేది రిలే కాదు, కంప్యూటర్ పెట్టె. తీగలో ఎక్కువ కరెంటు పోతే అదే ఆపేస్తుంది, ఎల్‌ఈడీ దీపాలు అయితే మొత్తం గూడే మార్చాలి. అలాంటి బండిలో గోడ పరీక్ష, ఫ్యూజు, ఎర్తు స్క్రూ చూశాక ఆగిపోండి, స్కానర్ ఉన్నచోటికి పోండి.

షెడ్డుకు పోయినప్పుడు కూడా "బల్బు మార్చప్పా" అనకండి. "పార్కింగు వేస్తే ఎడమ ఎనకది సన్నగా వెలుగుతాంది, బ్రేకు తొక్కితే అదీ ఆరిపోతాంది, కుడిపక్క అంతా బాగుండాది" అని చెప్పండి. ఆ మాట విన్న మంచి ఎలక్ట్రీషియన్ బల్బుల డబ్బా తెరవడు. "ఎర్తు చూద్దాం ఉండన్నా" అని స్క్రూ డ్రైవర్ తీసుకుని నేరుగా ఆ మూలకు పోతాడు. ఆ డబ్బానే తెరిచేవాడైతే వేరే షెడ్డు చూసుకోండి.

రిపేరు అయ్యాక డబ్బులిచ్చే ముందు ఇంజను ఆన్ చేసి, అన్ని లైట్లూ ఒకేసారి వేసి, గోడ పరీక్ష అక్కడే మళ్లీ చేయండి. చేసిన జాయింట్‌ను చేత్తో ఒకసారి కదిలించండి.

ఒకటి మాత్రం తీగల తప్పు కాదు, అయినా తీగల తప్పని అందరూ షెడ్డుకు తెస్తారు. ఊరికి పోయేటప్పుడు ఐదుగురు ఎక్కి, డిక్కీలో ఉల్లిగడ్డ మూటలు వేస్తే వెనక భాగం కుంగి హెడ్‌లైట్ల వెలుగు చెట్ల మీద పడుతుంది. ముందు రోడ్డు చీకటిగా ఉంటుంది, ఎదురొచ్చేవాడు మాత్రం తిడుతూ డిప్పర్ కొడుతుంటాడు. దానికి డ్యాష్‌బోర్డు కుడిపక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఒకటి చాలా కార్లలో ఉంటుంది. బరువున్నప్పుడు దాన్ని 2కో 3కో తిప్పండి, మూటలు దించాక మళ్లీ 0కి.